మినీ ట్రాక్టర్ మార్చేటప్పుడు: గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల పొలాలకు సరిపడే బండి ఎంపిక

పాత బండి అమ్మి కొత్తది తేవాలనుకున్నప్పుడు ఇంట్లో రకరకాల లెక్కలు వేస్తారు. అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, అదునుకు అద్దె బండి దొరకని పని మీ పొలంలో ఏది అని. వేసవి దుక్కికి 50 హెచ్‌పీ బండి ఊళ్లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. రెండు రోజులు అటూ ఇటూ అయినా కొంపలు మునగవు. మిర్చిలో అలా కుదరదు. వాన వెలిసి నల్లరేగడి పదునుకొచ్చిన రోజున ఊరంతా ఒకేసారి కలుపు తీసే గుంటక తోలాలంటుంది. రెండు రోజులు దాటితే నేల గట్టిపడి గుంటక దిగదు, ఈలోపు మళ్లీ వాన పడితే కలుపు పైకొస్తుంది. మందు కొట్టడమూ అంతే, పురుగు అద్దె బండి కోసం ఆగదు. అందుకే సొంత బండిని పాటు చేయడానికి (సాళ్ల మధ్య గుంటక, గొర్రు తోలడానికి), మందు కొట్టడానికి, తోటలో తిరగడానికి కొనాలి. లోతు దుక్కిని అద్దెకే వదిలేయాలి. ఈ ఒక్క నిర్ణయం తీసుకుంటే 20 నుంచి 30 హెచ్‌పీ లోపు బండి సరిపోతుందో లేదో సగం తేలిపోతుంది.

ఉన్న చెక్కలన్నీ ఒకే చోట కలిసి పదిహేను, ఇరవై ఎకరాలుండి, ఎక్కువ భాగం వరి, ఆ తర్వాత మొక్కజొన్న వేసేవాళ్లకు మినీ బండి ఒక్కటే అయితే చాలదు. వాళ్లు 40 హెచ్‌పీ పైబడిన బండే చూసుకోవడం మంచిది. ఇక్కడి నుంచి చెప్పేదంతా మిర్చి, పత్తి, పసుపు, అరటి, కూరగాయలు, మామిడి ఉన్నవాళ్లకు.

పాతది నిజంగా మార్చాలా?

బండి పాతబడిందని, ఆగిపోతుందని అమ్మేసేవాళ్లలో కొందరికి మారాల్సింది క్లచ్ ప్లేటు, రెండు టైర్లు మాత్రమే. ఉదయం చల్లగా ఉన్న ఇంజన్ మీద పరీక్ష మొదలుపెట్టండి. బ్యాటరీ బాగుండి కూడా మూడు నాలుగు సార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోకపోవడం, వేడెక్కాక కూడా నీలం రంగు పొగ రావడం, నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత తీస్తే అందులోంచి ఆగకుండా పొగ కొట్టడం, ఈ మూడూ కలిసి ఉంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోయాయి. అంటే ఇంజన్ విప్పాల్సిందే. నల్ల పొగ ఒక్కటే అయితే భయపడక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఇంజెక్టర్ నాజిల్ పాడవడం వల్ల వచ్చేది అది.

తర్వాత లిఫ్ట్, అంటే పనిముట్టును పైకెత్తే హైడ్రాలిక్ చేతులు. రొటోవేటర్ (తిరిగే కత్తులతో మట్టిని చితక్కొట్టే పనిముట్టు) తగిలించి పైకెత్తి, ఇంజన్ ఆపి, ఐదు నిమిషాలు చూడండి. రెండు మూడు అంగుళాలు దిగితే సీళ్లు మార్చుకుంటే సరిపోతుంది. ఇంజన్ ఆపగానే గబుక్కున కూర్చుంటే లిఫ్ట్ సిలిండర్, పిస్టన్ దాకా వెళ్లాలి. బరువు లాగేటప్పుడు గేరు దానంతటదే జారిపోతుంటే గేర్ బాక్స్ పని కూడా కలుస్తుంది. ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గర ఇంజన్, గేర్ బాక్స్, లిఫ్ట్ ఈ మూడింటికీ విడివిడిగా అంచనా రాయించుకోండి. మొత్తం ఖర్చు ఆ బండి ఇవాళ అమ్మితే వచ్చే ధరలో సగం దాటితే మార్చడమే మేలు. సగానికి లోపు ఉంటే బాగుచేయించుకుని మరో నాలుగైదు పంటలు నడపొచ్చు. ఒక్క మినహాయింపు ఏమిటంటే, మీ పాత మోడల్ తయారీ ఆగిపోయి విడిభాగాలు దొరకడం కష్టమైతే ఈ లెక్క వర్తించదు.

టేపు పట్టుకుని పొలానికి వెళ్లండి

హెచ్‌పీ గురించి ఆలోచించే ముందు సాళ్ల మధ్య ఎడం కొలవాలి. షోరూమ్‌లో బండి ముద్దుగా, సన్నగా కనిపిస్తుంది. దాన్నే 36 అంగుళాల అచ్చులో (సాలు ఎడంలో) దింపితే అసలు సంగతి బయటపడుతుంది.

మినీ బండి పంటలో రెండు రకాలుగా నడుస్తుంది. మొదటిది, రెండు సాళ్ల మధ్యలో నడవడం. అప్పుడు టైరు బయటి అంచు నుంచి అవతలి టైరు బయటి అంచు దాకా ఉన్న మొత్తం వెడల్పు సాలు ఎడం కన్నా తక్కువ ఉండాలి. ఉదాహరణకు బండి వెడల్పు 38 అంగుళాలు, పత్తి సాలు ఎడం 4 అడుగులు అనుకోండి. 48లోంచి 38 పోతే 10, అంటే అటు 5, ఇటు 5 అంగుళాలు మిగులుతాయి. మొక్క మోకాలి ఎత్తు వచ్చేదాకానే ఇది పనికొస్తుంది. కొమ్మలు పక్కకు సాగాక కాయలు రాలతాయి. 36 అంగుళాల మిర్చిలో అయితే ఈ పద్ధతి దాదాపు ఏ నాలుగు చక్రాల బండికీ కుదరదు.

రెండోది, ఒక సాలును పొట్ట కింద పెట్టుకుని దాని మీదుగా నడవడం. అప్పుడు చూడాల్సింది ఒక టైరు మధ్య నుంచి ఇంకో టైరు మధ్యకు ఉన్న దూరం. అది సాలు ఎడానికి సమానంగా ఉండాలి. 36 అంగుళాల అచ్చుకు 36, 30 అంగుళాల అచ్చుకు 30. ఇలా ఉంటే రెండు టైర్లూ సాళ్ల నడిమధ్య నడుస్తాయి. టైరు వెడల్పు 8 అంగుళాలనుకుంటే, 36 అంగుళాల ఎడంలో దానికి రెండు వైపులా 14 అంగుళాల చొప్పున ఖాళీ ఉంటుంది. వేర్లు నలగవు, మొక్క విరగదు.

వెనక చక్రాల దూరాన్ని చాలా బండ్లలో రిమ్ము తిప్పి బిగించి మార్చుకోవచ్చు. ఎన్ని రకాలుగా మారుతుంది, ఎంత నుంచి ఎంతకు మారుతుంది అనేది బ్రోచర్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది. 25.4తో భాగిస్తే అంగుళాలొస్తాయి. 762 అంటే 30, 914 అంటే 36. చాలామంది మరిచిపోయేది ముందు చక్రాలను. ఫోర్ వీల్ బండ్లలో ముందు చక్రాల దూరం మారని మోడళ్లు చాలా ఉన్నాయి. వెనక 36కు మార్చుకుని, ముందు 31 దగ్గరే ఉండిపోతే, ముందు టైరు మొక్కకు రెండున్నర అంగుళాలు దగ్గరగా నడుస్తుంది. లేత పైరులో సర్దుకోవచ్చు, సాళ్లు వంకరగా ఉన్నచోట మాత్రం మొక్కలు పోతాయి.

పొట్ట కింద ఎత్తు కూడా మీరే కొలవండి. బ్రోచర్‌లో రాసింది నిజమే కావచ్చు, అయితే డ్రాబార్ (వెనక బరువు లాగే కడ్డీ) బ్రాకెట్టు, ముందు యాక్సిల్ మధ్యలో ఉన్న గుండు, బిగించిన స్టాండు ఇవన్నీ దానికన్నా కిందికి వేలాడుతుంటాయి. అన్నిటికన్నా కిందికి ఉన్నదాని నుంచి నేలకు టేపు పెట్టండి. మినీ బండ్లలో అది పది, పన్నెండు అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. మొక్క అంతకన్నా ఎత్తు పెరిగాక సాలు మీదుగా వెళ్లడం ఆగిపోతుంది. అప్పటికి మీకు ఎన్ని పాట్లు పూర్తవుతాయో లెక్క వేసుకోండి. డ్రిప్పు ఉన్నవాళ్లు లేటరల్ పైపు (సాలు వెంట నీళ్లిచ్చే సన్న గొట్టం) మొక్క పక్కనే ఉండేట్టు చూసుకోకపోతే మొదటి పాటుకే గుంటక దాన్ని లాగేస్తుంది.

హెచ్‌పీ ఎంత? ఏ హెచ్‌పీ?

బానెట్ మీద రాసేది ఇంజన్ హెచ్‌పీ. రొటోవేటర్‌ను తిప్పేది పీటీఓ హెచ్‌పీ, అంటే బండి వెనక పనిముట్లను తిప్పే షాఫ్ట్ దగ్గర అందే శక్తి. మధ్యలో గేర్లు, హైడ్రాలిక్ పంపు కొంత తినేస్తాయి. ఇంజన్ శక్తిలో సుమారు 80 నుంచి 90 శాతం పీటీఓ దగ్గరికి చేరుతుందని పెట్టుకోండి. పదునులో ఉన్న నల్లరేగడిలో ఇలా సరిపోల్చుకోవచ్చు: 20 నుంచి 24 హెచ్‌పీ బండికి మూడడుగులు, మహా అయితే మూడున్నర అడుగుల రొటోవేటర్. 27 నుంచి 30 హెచ్‌పీకి నాలుగడుగులు. అంతకన్నా పెద్దది తగిలిస్తే తిరగదని కాదు. తిరుగుతుంది, కాకపోతే ఇంజన్ ఎప్పుడూ పొగ కక్కుతూ, డీజిల్ తాగుతూ, రెండేళ్లకే రింగులు అడుగుతుంది.

ఒకే హెచ్‌పీలోనూ ఇంజన్ల స్వభావం వేరు. మహీంద్రా జీవో 245 డీఐ 24 హెచ్‌పీ బండి. అందులో రెండే సిలిండర్లు, 1366 సీసీ, 2300 ఆర్‌పీఎం. కుబోటా బీ2441 కూడా 24 హెచ్‌పీయే. అది మూడు సిలిండర్లు, 1123 సీసీ, 2600 ఆర్‌పీఎం. మొదటి తరహా ఇంజన్ తక్కువ వేగంలో బరువు లాగడానికి ఒదుగుతుంది, కాస్త ఊగుడు ఎక్కువ. రెండోది మెత్తగా నడుస్తుంది, శక్తి కావాలంటే రేజ్ మీద ఉంచాలి. గుంటక, గొర్రు ఎక్కువ తోలేవాళ్లకు మొదటిది, రోజంతా మందు కొట్టేవాళ్లకు, తోటలో రొటోవేటర్ తిప్పేవాళ్లకు రెండోది నచ్చుతుంది. ఇదే వరుసలో స్వరాజ్ టార్గెట్ 630, మహీంద్రా ఓజా శ్రేణి, వీఎస్‌టీ, జాన్ డీర్, సోనాలికా, ఫార్మ్‌ట్రాక్ మినీ బండ్లు కూడా ఉన్నాయి. పేరు చూసి తేల్చుకోకుండా మీ కొలతలకు సరిపోయేవి రెండు మూడు ఏరుకుని వాటినే పొలంలోకి పిలిపించండి.

యాభై హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. దాంతో వాటిలో ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థలు చేరాయి. ఆ నిబంధన మినీ బండ్లను తాకలేదు కాబట్టి వీటిలో ఎక్కువగా పాత తరహా మెకానికల్ పంపే ఉంటుంది. మన మెకానిక్‌లు విప్పి బాగుచేయగలరు.

కంపెనీ చెప్పే అంకెలను నమ్మాలో లేదో తేల్చే కాగితం ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టు ఇస్తుంది. డీలర్‌ను మీ మోడల్ రిపోర్టు అడగండి. అందులో నాలుగు చూస్తే చాలు: పీటీఓ దగ్గర గరిష్ఠ శక్తి, అప్పుడు గంటకు అయిన డీజిల్, డ్రాబార్ లాగుడు, లిఫ్ట్ సామర్థ్యం. వేడి వాతావరణంలో చేసిన పరీక్షలో శక్తి ఎంత తగ్గిందో కూడా రాస్తారు. మన మే నెల ఎండలకు ఆ వరస చదవడం మంచిది.

లిఫ్ట్, బరువు, ఫోర్ వీల్

ఈ బండ్లలో లిఫ్ట్ సామర్థ్యం 750 కిలోలని, 950 అని రాస్తారు. ఆ అంకె పనిముట్టు తగిలించే లింకుల చివర దగ్గరిది. బరువు అక్కడి నుంచి రెండడుగులు వెనక్కి జరిగితే ఎత్తే శక్తి బాగా పడిపోతుంది. మందు ట్యాంకు బరువు ఉండేది సరిగ్గా అక్కడే. 400 లీటర్ల ట్యాంకు అంటే నీళ్లే 400 కిలోలు. పంపు, ఫ్రేము, బూమ్ కలిపి ఇంకో వంద, నూటయాభై. 750 కిలోల లిఫ్ట్ దీన్ని ఎత్తుతుంది గానీ, ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు, గట్టు ఎక్కేటప్పుడు ముందు భాగం లేస్తుంది. మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి. మినీ బండికి 200 లీటర్ల ట్యాంకు సుఖం. 300 పెడితే ముందు బరువులు తప్పనిసరి. అంతకన్నా కావాలంటే చక్రాల మీద లాక్కెళ్లే ట్యాంకు తీసుకోండి.

ఫోర్ వీల్ కావాలా వద్దా అన్న చర్చ పెద్ద బండికి సరే. తేలికగా ఉండే మినీ బండికి నల్లరేగడిలో ఫోర్ వీల్ లేకపోతే వెనక టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. తీసుకోండి. రెండు జాగ్రత్తలు మాత్రం మరవకూడదు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ తీసేసి నడపాలి. ముందు చక్రాలు వెనక వాటికన్నా కొద్దిగా వేగంగా తిరిగేట్టు తయారు చేస్తారు. పొలంలో ఆ తేడా మట్టిలో జారిపోతుంది, రోడ్డు మీద టైరునూ గేర్లనూ తింటుంది. టైర్లు మార్చేటప్పుడు కూడా ముందూ వెనకా కంపెనీ ఇచ్చిన కొలతలే వేయాలి. వెనక పెద్ద సైజు వేయించి ముందు పాతవే ఉంచితే ఈ లెక్క తప్పి ముందు యాక్సిల్ పళ్లు పోతాయి.

క్లచ్ సంగతి కూడా అడగండి. సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కితే బండితో పాటు పీటీఓ కూడా ఆగుతుంది. అంటే గట్టు దగ్గర ఆగినప్పుడల్లా మందు పంపు ఆగి ప్రెషర్ పడిపోతుంది. డ్యూయల్ క్లచ్ ఉంటే బండి ఆగినా పంపు తిరుగుతుంది. మందు కొట్టడమే ముఖ్యమైనవాళ్లు దీనికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. గేర్లలో అన్నిటికన్నా నిదానమైన వేగం గంటకు రెండు కిలోమీటర్ల లోపు ఉండాలి. లేత మిర్చిలో అంతకన్నా వేగంగా గుంటక తోలితే మొక్కల మీద మట్టి పడుతుంది.

తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు కాలవ కింద వరి కూడా ఉండి దమ్ము (నీళ్లు పెట్టి బురద దుక్కి) చేయాలనుకునేవాళ్లు ఇంకో విషయం చూడాలి. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండేవి కావాలి. డ్రై బ్రేకుల్లోకి బురద వెళ్తే ఒక సీజన్‌లోనే ప్లేట్లు పోతాయి. ముందు యాక్సిల్ పూర్తిగా మూసి ఉన్నదై, చక్రాల దగ్గర సీళ్లు గట్టివై ఉండాలి. దమ్ము చక్రాలు మీ మోడల్ హబ్బుకు సరిపోయేవి దొరుకుతాయా అని కొనకముందే కనుక్కోండి. నున్న, ఆగిరిపల్లి, నూజివీడు మామిడి తోటలకైతే సైలెన్సర్ కిందికి ఉన్నది, వెనక రక్షణ చట్రం మడతపడేది బాగుంటాయి. పైకి లేచిన సైలెన్సర్ కొమ్మలకు తగిలి విరుగుతుంది, వేసవిలో ఎండాకులు దాని మీద రాలితే మంట అంటుకునే ప్రమాదమూ ఉంది.

పాత పనిముట్లు కొత్త బండికి పడతాయా?

పెద్ద బండి నుంచి మినీకి వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. పెద్ద బండ్ల కింది లింకు పిన్నులు 28 మిల్లీమీటర్లు, మినీవి 22. టాప్ లింక్ పిన్ను అక్కడ 25, ఇక్కడ 19. పిన్నుల తేడాకు పనిముట్టుకు సన్న పిన్నులు వేయించుకోవచ్చు. లింకుల మధ్య దూరం తేడాకు మందు లేదు. కొన్ని సన్న బండ్లలో ఆ దూరం 400 మిల్లీమీటర్లే, సాధారణ చిన్న తరగతిలో 683, పెద్ద బండ్లలో 825. తొమ్మిది కొయ్యల గొర్రు, ఐదడుగుల రొటోవేటర్ ఇవేవీ పనికిరావు. వాటిని పాత బండితో కలిపి అమ్మేయండి. మూడడుగుల రొటోవేటర్, ఐదు కొయ్యల గొర్రు, గుంటక, మందు పంపు, వీటి ధర కూడా మొదటి బడ్జెట్‌లోనే కలుపుకోండి. గొర్రు, గుంటక బెజవాడ, గుంటూరు ఆటోనగర్లలోనూ, తెనాలిలోనూ మీ సాలు ఎడం చెప్పి కొలత ప్రకారం చేయించుకోవచ్చు.

పాత మినీ రొటోవేటర్‌నే వాడదామనుకుంటే పీటీఓ షాఫ్ట్ పొడవు చూడాలి. లిఫ్ట్ ఎత్తి దించుతూ షాఫ్ట్ రెండు ముక్కలూ ఎంత లోపలికి వెళ్తున్నాయో గమనించండి. పొడవు ఎక్కువైతే లిఫ్ట్ ఒక దశకు వచ్చాక షాఫ్ట్ కడ్డీలా గుద్దుకుని గేర్ బాక్స్ బేరింగును పగలగొడుతుంది. పొట్టిదైతే పనిలో ఊడి తిరుగుతూ మనిషిని కొడుతుంది. అన్ని స్థానాల్లోనూ రెండు ముక్కలు కనీసం ఆరు అంగుళాలు ఒకదాన్లో ఒకటి ఉండాలి, కూరుకుపోవడానికి ఒక అంగుళం ఖాళీ మిగలాలి. ఎక్కువుంటే లోపలి ముక్కను, బయటి ముక్కను, పైనున్న ప్లాస్టిక్ తొడుగును మూడింటినీ సమానంగా కోయించాలి. తొడుగు తీసిపారేయకండి. కండువా, చీర కొంగు చుట్టుకుని జరిగే ఘోరాలన్నీ ఆ తొడుగు లేని షాఫ్టుల మీదే. పీటీఓ వేగం కూడా కనుక్కోండి. కొన్ని మినీ బండ్లలో అది 540 కాకుండా వేరే అంకెల్లో ఉంటుంది. 540కి తయారైన పంపును 750 మీద తిప్పితే ఎక్కువ కాలం ఉండదు.

డెమో మీ పొలంలోనే

షోరూమ్ ఆవరణలో చేసే డెమో చూడటానికే బాగుంటుంది. నేల పదునులో ఉన్న రోజు చూసి, మీరు కొనబోయే రొటోవేటరే తగిలించి, కనీసం రెండు గంటలు తోలించండి. ట్యాంకు మూతి దాకా డీజిల్ పోసి మొదలుపెట్టి, ఆపాక కొలత గిన్నెతో మళ్లీ మూతి దాకా పోస్తే గంటకు ఎంత తాగిందో తెలుస్తుంది. ఈ తరగతి బండికి రొటోవేటర్ పనిలో గంటకు మూడు లీటర్ల చుట్టూ ఉంటే మామూలే. ఐదు దగ్గరకు వస్తుంటే ఇంజన్ దాని శక్తి చివరిదాకా పనిచేస్తోందని, రొటోవేటర్ పెద్దదైందని అర్థం.

జారుడు కొలవడం కూడా తేలికే. వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టండి. పనిముట్టు ఎత్తి ఉంచి పది చుట్లు నడిపి దూరం కొలవండి, 30 మీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు గొర్రు దించి మళ్లీ పది చుట్లు. 26 మీటర్లే వచ్చిందంటే 4 మీటర్లు జారుడు, అంటే 13 శాతం. 10 నుంచి 15 మధ్య ఉంటే బాగున్నట్టు. 20 దాటితే డీజిల్ మట్టిని తవ్వడానికి పోతోంది. చక్రాల బరువులు పెట్టి మళ్లీ చూడండి, అప్పటికీ తగ్గకపోతే ఆ గొర్రు ఆ బండికి ఎక్కువ.

సాలు చివర మలుపు గమనించండి. గట్టు దగ్గర ఒక్కసారికి తిరుగుతోందా, వెనక్కూ ముందుకూ రెండుసార్లు వేయాల్సి వస్తోందా? ఎకరానికి యాభై, అరవై మలుపులుంటాయి కాబట్టి ఈ తేడా సాయంత్రానికి భుజాల్లో తెలుస్తుంది. పవర్ స్టీరింగ్‌కు డబ్బు పెట్టండి. డెమో అయ్యాక రేడియేటర్ ముందున్న జాలీని చేత్తో పట్టుకుని బయటకు లాగి చూడండి. పత్తి దూదీ, ఎండు గడ్డీ దానికి అతుక్కుంటాయి. పానా లేకుండా ఊడి వచ్చే జాలీ అయితేనే రోజూ శుభ్రం చేస్తారు.

ధర, కిస్తీ

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. ఐదు లక్షల మూలధర బండికి పన్ను 60 వేల నుంచి 25 వేలకు వచ్చింది. టైర్లు, విడిభాగాల మీద కూడా 18 నుంచి 5కు తగ్గింది. కొటేషన్‌లో మూలధర, పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, బంపర్, హుక్, టాపు విడివిడిగా రాయించుకోండి. అన్నీ కలిపి ఒకే అంకె చెప్పే చోట బేరం ఎక్కడ చేయాలో కూడా తెలియదు.

పాత బండిని ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తుంటే రెండు కొటేషన్లు అడగండి, ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత. పాతదానికి ఎక్కువ ధర కట్టినట్టు చూపించి, కొత్తదాని మీద తగ్గింపు ఎత్తేయడం మామూలే. రెండింటి తేడాయే మీ పాత బండికి నిజంగా వస్తున్న ధర. అది బయట ఇచ్చే ధర కన్నా బాగా తక్కువైతే బయటే అమ్ముకోండి.

సబ్సిడీ కోసం అప్పులో దిగే ముందు మీ రైతు సేవా కేంద్రంలో ఈ ఏడాది ఏ యంత్రాలకు ఇస్తున్నారో అడగండి. కేంద్ర యాంత్రీకరణ పథకంలో సన్న, చిన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం అన్నది సాధారణ సూత్రం. దానికీ ఒక పరిమితి ఉంటుంది. ముందు కొని తర్వాత దరఖాస్తు పెడితే చెల్లకపోవచ్చు కాబట్టి మంజూరు కాగితం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.

ఫైనాన్స్ వాళ్లు 8 శాతం అంటే ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడగాల్సిందే. నాలుగు లక్షలు, నాలుగేళ్లు, 8 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 1,28,000. ఆరు నెలలకోసారి 66,000 చొప్పున ఎనిమిది కిస్తీలు. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం నాలుగు లక్షల మీదే కడుతున్నారు కాబట్టి, బ్యాంకు లెక్కలో ఇది 13 శాతం పైమాటే. సహకార బ్యాంకులో తగ్గే బాకీ మీద 11 శాతం అన్నా దీనికన్నా చవక. మిర్చి యార్డుకు పంట వెళ్లేది ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా కాబట్టి, ఒక కిస్తీ మే నెలలో పడేట్టు రాయించుకోండి.

డీలర్‌ను ఎంచుకునేటప్పుడు షోరూమ్ అద్దాలను కాక, విడిభాగాల కౌంటర్‌ను చూడాలి. క్లచ్ ప్లేటు, ముందు యాక్సిల్ ఆయిల్ సీలు, హైడ్రాలిక్ పంపు సీల్ కిట్టు, డీజిల్ ఫిల్టర్, ఈ నాలుగూ ఇప్పుడు స్టాకులో ఉన్నాయా, ధరెంత అని అడగండి. పెద్ద బండ్ల సామాన్లు ఆటోనగర్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. మినీ బండివి ఆర్డరు మీద రావాలంటే అక్టోబర్‌లో బండి వారం రోజులు ఆగిపోతుంది.

పాత బండి కాగితాలు

తాళాలు ఇచ్చేసి డబ్బు తీసుకోవడంతో అమ్మకం అయిపోదు. అప్పు తీరి ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద హైపోతికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తీయించాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. అమ్మినవాళ్లు 14 రోజుల్లోపు రవాణా శాఖకు తెలియజేయాలి. రికార్డులో మీ పేరే ఉంటే, ఆ బండి రేపు ఎవరినైనా గుద్దినా నష్టపరిహారం బాధ్యత మీదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎక్స్‌ఛేంజ్‌లో డీలర్‌కు ఇచ్చినా పేరు మారిందో లేదో చూసుకోండి. ట్రక్కుకు (వెనక తగిలించే ట్రాలీకి) విడిగా ఆర్‌సీ ఉంటే దాని బదిలీ కూడా విడిగా చేయించాలి.

బండి ఇంటికొచ్చిన రోజు నుంచి

డెలివరీ తీసుకునే ముందు ఇన్వాయిస్ మీద ఇంజన్ నంబరూ చాసిస్ నంబరూ బండి మీద ఉన్నవాటితో పోల్చండి. తయారీ నెల చూడండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 3225 అంటే 2025లో 32వ వారం. ఏడాది నాటి టైర్లు వేసి ఉంటే బండి ఎండలో నిలబడి ఉందేమో అడగండి.

మొదటి 50 గంటలు సగం నుంచి ముప్పావు వంతు బరువుతోనే పని చేయించాలి. అలాగని ఊరికే ఐడిలింగ్‌లో తిప్పడం కూడా మంచిది కాదు, రింగులు లైనరుకు సరిగ్గా కూర్చోవు. మొదటి రోజు నాలుగైదు గంటల పని తర్వాత చక్రాల నట్లన్నీ మళ్లీ బిగించండి, కొత్త రిమ్ము మీద రంగు నలిగి అవి వదులవుతాయి. 50 గంటలకు మొదటి సర్వీసు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లతో పాటు కంపెనీ చెబితే గేర్ బాక్స్ ఆయిల్ కూడా మార్పించి, సర్వీసు పుస్తకంలో గంటలు రాయించి ముద్ర వేయించుకోండి. వారంటీ గొడవ వచ్చినప్పుడు వాళ్లు మొదట అడిగేది ఆ పుస్తకమే.

దమ్ము చేసినవాళ్లు పని ముగిసిన మర్నాడు ఉదయం, బండి కదపకముందే, ముందు యాక్సిల్ కింద ఉన్న డ్రైన్ బోల్టు కొద్దిగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి లోపలికి వచ్చి ఉంటే ముందు అవే కారుతాయి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే మొత్తం తీసేసి, సీలు మార్పించి, కొత్త ఆయిల్ పోయించాలి. సీలుకు పెద్ద ఖర్చు కాదు. అలాగే నడిపేస్తే లోపలి బేరింగులు, పళ్ల చక్రాలు తుప్పు పట్టి యాక్సిల్ మొత్తం విప్పాల్సి వస్తుంది, దానికి వారంటీ కూడా వర్తించదంటారు.